సోరి సాన్ లొరెంజో సీసా మీద బార్బరెస్కో పేరు మధ్యలో ఎందుకు పోయింది?

ప్రశ్న

మిత్రులకు నమస్కారం. ఇటలీ వాయవ్యాన ఉన్న పియెమోంతె ప్రాంతంలో గాయా కుటుంబం ఒకే తోట ద్రాక్షతో తయారుచేసే సోరి సాన్ లొరెంజో అనే ఎర్ర వైన్ గురించి కొంతకాలంగా చదువుతున్నాను. దాని పాత, కొత్త సీసాల ఫొటోలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఒక సంగతి అర్థం కాలేదు. 1989 పంట సీసా మీద బార్బరెస్కో (అక్కడి ఒక గ్రామం పేరు, ఆ చుట్టుపక్కల వైన్ పేరూ అదే) అని ఉంది. 2004 పంట సీసా మీద ఆ పేరు లేదు, లాంగే నెబ్బియోలో (లాంగే కొండ ప్రాంతంలో నెబ్బియోలో అనే ద్రాక్షతో చేసే వైన్) అని ఉంది. 2016 పంటకు వచ్చేసరికి మళ్లీ బార్బరెస్కో కనిపిస్తోంది. తోట మారలేదు, తయారుచేసే కుటుంబమూ మారలేదు. వైన్ ఎక్కడ, ఏ నియమాలతో తయారైందో చెప్పే ఇటలీ చట్టబద్ధ వర్గీకరణలో లాంగేకు ఉన్న డీఓసీ గుర్తింపు కంటే బార్బరెస్కోకు ఉన్న డీఓసీజీ పై మెట్టు కదా, అలాంటప్పుడు మధ్య సంవత్సరాల వైన్‌ను ఒక మెట్టు తక్కువదిగా భావించాలా? తోట స్వభావం ఏ కాలపు సీసాలో ఎక్కువ స్పష్టంగా తెలుస్తుంది? ఈ రెండు విషయాలూ తెలిసినవారు వివరించగలరని ఆశిస్తున్నాను.

మొదటి జవాబు

నాణ్యత తగ్గడం వల్ల ఆ పేరు పోలేదు. తయారీదారు తనంతట తానుగా దాన్ని వదులుకున్నాడు. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

గాయా సంస్థను 1859లో బార్బరెస్కో గ్రామంలో జొవాన్ని గాయా స్థాపించాడు. మనకు తెలిసిన కీర్తి మాత్రం ఎక్కువ భాగం ఆయన మునిమనవడు ఆంజెలో గాయా కాలంలో వచ్చింది. 1940లో పుట్టిన ఆంజెలో 1961లో కుటుంబ వ్యాపారంలోకి వచ్చాడు. ఆయన తండ్రి (ఆయన పేరు కూడా జొవాన్నియే) 1964లో దగ్గరలోని ఆల్బా పట్టణపు చర్చికి చెందిన ఒక తోటను కొన్నాడు. ఆల్బా ప్రధాన చర్చి సాన్ లొరెంజో పేరిటే ఉంది కాబట్టి తోటకు ఆ పేరు వచ్చింది. సోరి అని అక్కడివారు దక్షిణపు ఎండకు ఎదురుగా ఉన్న వాలును అంటారు. నెబ్బియోలో ఆలస్యంగా, చాలా ఏళ్లలో అక్టోబరులో గానీ పండని ద్రాక్ష. పొగమంచు కమ్ముకునే ఆ రోజుల్లో చివరి దాకా ఎండ అందే వాలు ఎంత విలువైనదో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ రోజుల్లో ఈ ప్రాంతపు వైన్లు చాలావరకు పలు తోటల ద్రాక్షను కలిపి చేసినవే. తోట పేరుతో విడిగా సీసాల్లో నింపడం 1960లలో మొదలైంది. గాయా ఇంట్లో ఆ వరుసలో మొదటిది 1967 పంట సోరి సాన్ లొరెంజో. తర్వాత 1970లో సోరి తిల్దిన్, 1978లో కోస్తా రుస్సి వచ్చాయి. ఈ మూడింటికీ ప్రపంచమంతటా పేరు వచ్చాక ఒక ఇబ్బంది ఏర్పడింది. పద్నాలుగు తోటల ద్రాక్షను కలిపి చేసే మామూలు బార్బరెస్కో, అంటే ఆ ఇంటికి అసలు పునాది అయిన వైన్, వీటి నీడలో పడిపోయింది. చూసేవారు దాన్ని రెండో రకంగా లెక్కకట్టసాగారు. దాంతో ఆంజెలో 1996 పంట నుంచి బార్బరెస్కో అన్న పేరును ఆ ఒక్క వైన్‌కే ఉంచి, మూడు తోటల వైన్లనూ లాంగే నెబ్బియోలో కిందికి మార్చాడు. బరోలో ప్రాంతంలోని తమ స్పెర్స్ వైన్ విషయంలోనూ ఇదే పని చేశాడు. అత్యంత ఖరీదైన తన వైన్లను చట్టం దృష్టిలో కింది మెట్టు మీద నిలబెట్టడానికి చాలా ధైర్యం కావాలి. ఆ ధైర్యం ఆయనకు ఉండేది.

రెండో జవాబు

పై వివరణలో చరిత్ర సరిగానే ఉంది గానీ, కథలో సగమే ఉంది. పేరు మారడంతో పాటు సీసాలో ఉన్న వైన్ కూడా కొంత మారిందన్నది ప్రశ్న అడిగినవారు తప్పక తెలుసుకోవలసిన సంగతి.

బార్బరెస్కో డీఓసీజీ నియమం ప్రకారం ద్రాక్ష నూటికి నూరు శాతం నెబ్బియోలో కావాలి. కనీసం 26 నెలలు నిల్వ ఉంచాలి, అందులో 9 నెలలు చెక్క పీపాల్లో గడవాలి. లాంగే నెబ్బియోలోలో 85 శాతం నెబ్బియోలో ఉంటే చాలు. ఆ వెసులుబాటును వాడుకుని ఆంజెలో సోరి సాన్ లొరెంజోలో సుమారు 5 శాతం బార్బెరా ద్రాక్షను కలిపాడు. బార్బెరాలో పులుపు ఎక్కువ, వగరు తక్కువ, రంగు చిక్కన. నెబ్బియోలో రంగు పలుచగా ఉండి, వగరు విపరీతంగా ఉంటుంది. నెబ్బియోలోకు కొంచెం బార్బెరా తోడుచేయడం ఆ ప్రాంతంలో చాలా పాత అలవాటే. కాబట్టి దీన్ని ఆధునిక ప్రయోగం అనడం కంటే, చట్టం కొట్టివేసిన ఒక సంప్రదాయాన్ని మళ్లీ తెచ్చుకోవడం అనడమే న్యాయం. అయితే ఇది తోట పేరుతో అమ్మే వైన్. అందులో మరో జాతి ద్రాక్ష ఎంత కొద్దిగా కలిసినా, నేల గొంతు ఆ మేరకు తగ్గుతుందని నా అభిప్రాయం. మామూలు బార్బరెస్కోను పైకి ఎత్తాలన్న ఉద్దేశం నిజమే కావచ్చు. బార్బెరా కలుపుకునే స్వేచ్ఛ కూడా అందులో సమాన భాగమని నేను నమ్ముతాను.

2013 పంట నుంచి మూడూ తిరిగి బార్బరెస్కోలు అయ్యాయి, బార్బెరా మానేశారు. అప్పటికి ఆంజెలో పిల్లలు, అంటే కూతుళ్లు గాయా (ఇది ఇంటిపేరు కాదు, ఆమె పేరు), రొస్సాన, కొడుకు జొవాన్ని సంస్థ పనుల్లో భాగస్వాములయ్యారు. మీ రెండో ప్రశ్నకు నా జవాబు ఇదే: తోటను చూడదలిస్తే 1996కు ముందువి లేదా 2013 తర్వాతవి చూడండి. మధ్యవి నాణ్యతలో ఏమాత్రం తక్కువ కావు, కాని అవి తోట కంటే తయారీదారు చేతిని కొంచెం ఎక్కువగా చూపుతాయి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండో జవాబులో చేతి గురించిన మాట చదివాక మరో సందేహం వచ్చింది. గాయా వాడే చిన్న ఓక్ పీపాలు కూడా తోట రుచిని కప్పేస్తాయని కొందరు రాశారు. అది ఎంతవరకు నిజం? ఈ మూడు తోటల వైన్ల మధ్య తేడా నిజంగా నాలుకకు తెలుస్తుందా?

మూడో జవాబు

తేడా తెలుస్తుంది. అయితే తెలిసేది వయసు వచ్చాకే.

ఓక్ సంగతి ముందు చెప్తాను. 1970లలో ఆంజెలో, ఆయన వైన్ నిపుణుడు గ్విదో రివెల్లా కలిసి బారిక్ అనే చిన్న ఫ్రెంచి ఓక్ పీపాలను సెల్లారులోకి తెచ్చినప్పుడు ప్రాంతంలో పెద్ద దుమారమే లేచింది, ఎందుకంటే అక్కడివారు వేల లీటర్లు పట్టే పెద్ద పీపాలనే తరతరాలుగా వాడుతూ వచ్చారు. గాయా చిన్న పీపాలతో ఆగలేదు. వైన్ కొంతకాలం బారిక్‌లో, ఆ తర్వాత కొంతకాలం పెద్ద పీపాల్లో ఉంటుంది. లేత వయసులో ఓక్ వాసన పైకి తేలుతుందన్న విమర్శలో నిజం ఉంది. పది, పదిహేనేళ్లు దాటిన సీసాలో మాత్రం అది లోపలికి ఇంకిపోయి గులాబీ, తారు, ఎండు మూలికల వాసనలు ముందుకు వస్తాయి. ఇవి నెబ్బియోలోవే, పీపావి కావు.

ఇక తోటల తేడా. సాన్ లొరెంజో ఉన్నది బార్బరెస్కో గ్రామం పక్కనే, సెకొందినె అనే భాగంలో. తిల్దిన్, కోస్తా రుస్సి రెండూ రొంకల్యెత్తెలో ఒకే కొండ వాలు మీద ఉన్నాయి. మూడింటినీ ఒకే ఇంట్లో, దాదాపు ఒకే పద్ధతిలో తయారుచేస్తారు. అయినా కోస్తా రుస్సి అన్నిటికంటే ముందు మెత్తబడుతుంది, తిల్దిన్ నిండుగా ఉంటుంది, సాన్ లొరెంజో మాత్రం బిగుసుకుని చాలా ఏళ్లు పలకకుండా కూర్చుంటుంది. ముగ్గురిలో మాట తక్కువైన అన్న లాంటిది అది. నాకు ఎక్కువ ఇష్టమైనదీ అదే.

పీపా ప్రభావం లేకుండా నేలల తేడాను మాత్రమే పరీక్షించాలనుకుంటే గాయా సరైన చోటు కాదు. అదే గ్రామంలోని ప్రొదుత్తోరి దెల్ బార్బరెస్కో సహకార సంఘం వైన్లు చూడండి. 1958లో ఆ ఊరి పూజారి దోన్ ఫియొరీనో మరెంగో 19 మంది రైతులను కూడగట్టి దీన్ని ప్రారంభించాడు. మంచి పంట వచ్చిన ఏళ్లలో అసిలి, రబయా, మొంతెస్తెఫనొ వంటి తొమ్మిది తోటల వైన్లను విడివిడిగా, అన్నిటినీ ఒకే తీరులో పెద్ద పీపాల్లో ఉంచి విడుదల చేస్తుంది. పంట బాగాలేకపోతే ఆ తోటల వైన్ అంతా మామూలు బార్బరెస్కోలోకే పోతుంది.

సాన్ లొరెంజో సీసా మీ చేతికి వస్తే, అది పాతదైతే ఒక రోజు ముందే నిలబెట్టి ఉంచండి, మడ్డి అడుగుకు చేరుతుంది. గాయా బిరడాలు మామూలు వాటికంటే పొడవు, పాతబడ్డాక విరిగే అవకాశం ఉంది కనుక తీసేటప్పుడు తొందరపడవద్దు. 2016 లాంటి లేత సీసాను ఇప్పుడే తెరవకపోవడమే మేలు. తప్పక తెరవాల్సి వస్తే కొన్ని గంటల ముందే వేరే పాత్రలోకి వంచి గాలి తగలనివ్వండి.