టాక్రోలిమస్‌తో చేతుల వణుకు: రోజుకొకసారి వేసుకునే రకానికి మారినవాళ్లున్నారా?

కిడ్నీ మార్పిడి అయి 5 నెలలు. టాక్రోలిమస్ (కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా ఆపే మందు) ఉదయం 8కి 2 మి.గ్రా., రాత్రి 8కి 2 మి.గ్రా. వేసుకున్న గంటా రెండు గంటల్లో వేళ్లు వణుకుతాయి, సంతకం కుదరదు, టీ గ్లాసు తొణుకుతుంది. తర్వాత కొంత సర్దుకుంటుంది.

రక్తంలో ఈ మందు లెవెల్ 9.2. శాంపిల్ ఉదయం మాత్రకు ముందే, 12 గంటల ఎడంతో ఇచ్చిందే (మాత్ర వేసుకుని ఇస్తే అంకె ఊరికే పెరిగి కనబడుతుంది). పంపరపనస ముట్టలేదు. ఫ్లూకొనజోల్ (ఫంగస్ మందు), క్లారిత్రోమైసిన్ (యాంటీబయాటిక్) లాంటివి వాడలేదు, విరేచనాలూ లేవు. ఇవన్నీ లెవెల్‌ను పెంచేవే కాబట్టి ముందే చెబుతున్నా. మెగ్నీషియం 1.4, తక్కువే. పొటాషియం 5.3, కాస్త ఎక్కువ, అందుకే కొబ్బరినీళ్లు బంద్.

డోసు సొంతంగా తగ్గించుకోమనే సలహా మాత్రం వద్దండీ, కొత్త కిడ్నీకే ముప్పు. నెమ్మదిగా విడుదలయ్యే రకంలో మందు ఒక్కసారిగా ఎగబాకదు కాబట్టి వణుకు తగ్గొచ్చని నా అంచనా. డాక్టరుగారిని అడిగేలోపు మీ అనుభవం కావాలి: మారినప్పుడు రోజు మొత్తం మి.గ్రా. అంతే ఉంచారా, తగ్గించారా? మళ్లీ లెవెల్ ఎన్నో రోజున చేయించారు? మెగ్నీషియం మాత్రలతో వణుకు తగ్గిందా, లేక విరేచనాలే మిగిలాయా?