టాంపాలోని కొలంబియా రెస్టారెంటులో ఫ్లమెంకో నృత్యంతో రాత్రి భోజనం: మాంసం ముట్టనివారు వెళ్లవచ్చునా?

ప్రశ్న (ఒంగోలు నుండి)

అందరికీ నమస్కారం. వచ్చే నెలలో నేనూ మా ఆవిడా అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, టాంపా నగరంలో ఉంటున్న మా అమ్మాయి ఇంటికి వెళ్తున్నాము. అక్కడ ఈబోర్ సిటీ అనే పాత పేటలో కొలంబియా అనే స్పానిష్, క్యూబా వంటకాల రెస్టారెంటు ఉందనీ, 1905లో మొదలై ఇప్పటికీ అదే కుటుంబం చేతిలో నడుస్తోందనీ, రాత్రి భోజనం చేస్తూ ఫ్లమెంకో అనే స్పెయిన్ నృత్యం చూడవచ్చనీ మా అమ్మాయి చెప్పింది. నాకు వెళ్లాలని చాలా ఆశగా ఉంది. అయితే మా ఆవిడ చేప, మాంసం, గుడ్డు ఏవీ తినదు. నేను చేపలు, కోడి తింటాను గానీ గొడ్డు మాంసం, పంది మాంసం తినను. ఆమె ఆకలితో కూర్చుని ఉంటే నేను ఎదురుగా తినడం నాకు ఇష్టం లేదు. అక్కడికి వెళ్లివచ్చినవారు ఏమి అడగాలో, ఎక్కడ కూర్చోవాలో, ఆ నృత్యాన్ని ఎలా చూడాలో దయచేసి వివరంగా రాయండి.

జవాబు 1 (నెల్లూరు వాసి, ప్రస్తుతం టాంపా)

అయ్యా, తప్పకుండా వెళ్లండి. కాకపోతే రెండు విషయాలు ముందే చక్కబెట్టుకోవాలి.

మొదటిది టేబుల్. ఆ భవనం ఒక వీధి బ్లాకు మొత్తాన్ని ఆక్రమించి ఉంటుంది. లోపల 15 భోజనశాలలు ఉన్నాయి, దాదాపు 1,700 మంది ఒకేసారి కూర్చోవచ్చు. నృత్యం మాత్రం వేదిక ఉన్న ఒక్క గదిలోనే జరుగుతుంది. ఊరికే టేబుల్ కావాలని చెబితే మరో గదిలో కూర్చోబెట్టవచ్చు. కాబట్టి ప్రదర్శన ఏ రోజు, ఎన్ని గంటలకో అడిగి, ప్రదర్శన టేబులే కావాలని మీ అమ్మాయి చేత ముందుగా చెప్పించండి. దాని రుసుము భోజనం బిల్లుకు అదనం. సారసోటా వంటి ఊళ్లలో ఇదే కుటుంబానికి శాఖలు ఉన్నాయి గానీ ఫ్లమెంకో కోసం ఈబోర్ సిటీకే రావాలి.

రెండవది, మీకు అసలు ముఖ్యమైనది, తిండి. స్పెయిన్, క్యూబా వంటల్లో పంది మాంసం మన వంటల్లో తాలింపులాగా అన్నిటిలోకీ చేరిపోతుంది. శనగల సూపు అని చూసి సంతోషపడతాము, కానీ అందులో చోరిజో అనే పంది మాంసపు సాసేజీ, హామ్ అనే పంది తొడ మాంసం ఉంటాయి. వారి పేరుమోసిన 1905 సలాడ్‌ను టేబుల్ దగ్గరే కలుపుతారు. లెట్యూస్ ఆకులు, టమాటా, ఆలివ్‌లు, చీజ్, హామ్ ముక్కలు ఉన్న పెద్ద గిన్నెలో వెల్లుల్లి కలిపిన ఆలివ్ నూనె పోసి, నిమ్మకాయ పిండి, రెండు గరిటెలతో కిందా మీదా తిప్పుతుంటే ఆ వెల్లుల్లి వాసన పక్క టేబుల్ దాకా వస్తుంది. మీ ఆవిడగారికి హామ్ వద్దని చెబితే సరిపోదు. అందులో వేసే వూస్టర్ సాస్‌లో సాధారణంగా ఆంకోవీ అనే చేప ఉంటుంది, అదీ వద్దని చెప్పాలి. పసుపు రంగు అన్నాన్ని కోడి మాంసం ఉడికించిన నీళ్లతో వండడం ఆనవాయితీ. నల్ల చిక్కుళ్ల కూరలో పంది మాంసం పడిందేమో అడగాలి. క్యూబా రొట్టె పిండిలో పంది కొవ్వు కలపడం పాత పద్ధతి, కాబట్టి రొట్టె గురించి కూడా అడగండి. ఫ్లాన్ అనే తీపి పదార్థంలో గుడ్డు ఉంటుంది. వేయించిన పండు అరటి ముక్కలు, తెల్లన్నం, వారి చేతనే విడిగా కలిపించుకున్న సలాడ్ ఆమెకు సరిపోవచ్చు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ల క్రితం మరో ఊళ్లో ఇలాంటి వంటల హోటల్లో మా అమ్మ పసుపు అన్నం రెండు ముద్దలు తిన్నాక అందులో సన్నగా తరిగిన హామ్ కనిపించింది. కూరగాయల అన్నమేనా అని అడిగాము, అవునన్నారు. మాంసం ఉడికిన నీళ్లా, కొవ్వా అని మేము అడగలేదు. ఆమె ఆ రాత్రి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. అందుకే విడివిడిగా, ఒక్కొక్క పేరు చెప్పి అడగండి.

మీరు మాత్రం ఉల్లిపాయలు, ఆకుపచ్చ క్యాప్సికం, ఆలివ్ నూనెతో ఓవెన్‌లో ఉడికించి పైన బాదం పలుకులు చల్లిన రెడ్ స్నాపర్ చేపను రుచి చూడండి. పులుసు లేని చేప ఏమి చేప అని నెల్లూరువాడిగా మొదట అనుకున్నాను, తిన్నాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. కోడి, అన్నం కలిపి వండే అర్రోజ్ కోన్ పోయో కూడా బాగుంటుంది. రోపా వియెహా, బొలీచే అనే పేర్లు కనిపిస్తే అవి గొడ్డు మాంసపు వంటకాలని గుర్తు పెట్టుకోండి, ఆ పేర్లను బట్టి మనకు తెలియదు.

జవాబు 2 (టంగుటూరు నుండి)

పై మిత్రుడు తిండి సంగతి పూర్తిగా చెప్పారు. పొగాకు ప్రాంతం నుండి వెళ్తున్న మీరు ఆ పేట గురించి కూడా కొంత తెలుసుకుని వెళ్లాలని నా కోరిక. విసెంటె మార్టినెజ్ ఈబోర్ అనే చుట్టల వ్యాపారి 1885లో అక్కడ భూమి కొని ఫ్యాక్టరీ కట్టాడు. ఆ తరువాత క్యూబా, స్పెయిన్, ఇటలీల నుండి వేలమంది చేతితో చుట్టలు చుట్టేవారు వచ్చి స్థిరపడ్డారు. క్యూబా నుండి వచ్చిన కసిమిరో హెర్నాండెజ్ పెట్టిన కొలంబియా ఆ కార్మికుల పేటలోనే పుట్టింది. మనం పండించే వర్జీనియా పొగాకును బ్యారన్ అనే గదిలో వేడి గాలితో పసుపు రంగు వచ్చేలా కాలుస్తాము. చుట్టల ఆకు అలా కాదు, షెడ్డులో గాలికి నెమ్మదిగా ఆరి ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది.

నన్ను కదిలించిన సంగతి మరొకటి. ఆ ఫ్యాక్టరీలలో ఎత్తయిన బల్ల మీద ఒక చదువరి కూర్చుని, కార్మికులు ఆకు చుడుతుండగా రోజంతా వార్తాపత్రికలు, నవలలు బిగ్గరగా చదివి వినిపించేవాడు. అతని జీతం యజమాని కాదు, కార్మికులే తమ కూలిలోంచి ఇచ్చుకునేవారు. 1931లో యజమానులు ఆ పద్ధతిని ఆపించారు, కార్మికులు సమ్మె చేశారు. క్యూబా స్వాతంత్ర్యం కోసం పోరాడిన హోసే మార్తి 1891లో అక్కడికి వచ్చి ఈ కార్మికుల ముందే ప్రసంగించాడు. పగటి వేళ వెళ్లి ఆ ఇటుక ఫ్యాక్టరీలను చూసి, ఆ తరువాత భోజనానికి కూర్చోండి.

జవాబు 3 (నెల్లూరు నుండి, కూచిపూడి నేర్పుతాను)

నృత్యాన్ని ఎలా చూడాలని అడిగారు కాబట్టి నాకు తెలిసినది రాస్తాను. ఫ్లమెంకో దక్షిణ స్పెయిన్‌లోని అందలూసియాలో, జిప్సీల ఇళ్లలోనూ పేటలలోనూ పెరిగిన కళ. ఆ జిప్సీల పూర్వీకులు దాదాపు వెయ్యేళ్ల క్రితం ఉత్తర భారతం నుండి బయలుదేరినవారని వారి భాషను పరిశీలించినవారు తేల్చారు. ఫ్లమెంకోను యునెస్కో 2010లో మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది.

మన పాదాలు వట్టివి, శబ్దం గజ్జెలది. వారి శబ్దం బూట్లది: ముందు భాగానికీ మడమకూ చిన్న మేకులు దిగగొట్టిన బూట్లతో చెక్క నేల మీద కొడతారు. కాబట్టి కూర్చునేటప్పుడు పాదాలు కనిపించే చోటు చూసుకోండి, ముఖాలు మాత్రమే కనిపించే చోట కూర్చుంటే సగం పోతుంది. తాళం విషయానికి వస్తే సొలెయా, అలెగ్రియాస్ వంటి రకాలు 12 దెబ్బల ఆవర్తనంలో నడుస్తాయి. 3, 6, 8, 10, 12 దెబ్బలు గట్టిగా పడతాయి. ఆదితాళానికి అలవాటుపడిన చెవికి మొదట అడుగు తప్పినట్లే ఉంటుంది. వేలి మీద లెక్క పెట్టుకుంటూ రెండు మూడు ఆవర్తనాలు ఓపిక పడితే పట్టు దొరుకుతుంది.

ఒక విన్నపం. వేదిక మీద పక్కన కూర్చున్నవారు కొట్టే చప్పట్లు అలంకారం కాదు, అవి మన మృదంగం చేసే పని చేస్తాయి. వారితో పాటు ప్రేక్షకులు చప్పట్లు కొడితే లయ చెదురుతుంది. నచ్చినప్పుడు మనం భళా అన్నట్లు ఒక్కసారి ఓలే అనండి, చప్పట్లు అంశం ముగిశాక కొట్టండి. ఇంకొకటి, అడుగుల వేగం హెచ్చి ఒక్కసారిగా ఆగిపోయే క్షణం వస్తుంది. ఆ సమయానికి చేతిలో చెంచా లేకుండా చూసుకోండి. వీలైతే ప్రధాన వంటకాలు ప్రదర్శనకు ముందే తెప్పించుకుని, తీపి పదార్థాన్ని, కాఫీని తరువాతికి ఉంచుకోండి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. చదువరి సంగతి మా ఆవిడకు చదివి వినిపించాను. వాళ్ల అమ్మ ఒంగోలులో పొగాకు గ్రేడింగుకు వెళ్లిన రోజుల్లో, ఆకులు వేరుచేస్తూ వరుసలో ఒకామె పాట ఎత్తుకుంటే మిగిలినవారంతా అందుకునేవారని చెప్పింది. ఈ రెస్టారెంటు గురించి ఆమె ఇష్టంగా మాట్లాడటం ఇదే మొదటిసారి. హామ్, కొవ్వు, చేప సాస్, మాంసం ఉడికిన నీళ్లు, గుడ్డు అని అయిదూ ఒక కాగితం మీద రాసి ఆమె సంచిలో పెట్టాను. పాదాలు కనిపించే టేబుల్ కోసం ఈ సాయంత్రమే అమ్మాయికి ఫోన్ చేస్తాను.