చూసి వచ్చేద్దామని బొమ్మలు చేసే ఇంటికి వెళ్లొచ్చా?

హన్మకొండ వాసి:
పోయిన శనివారం హైదరాబాద్ నుంచి ఇద్దరు దోస్తులు కుటుంబాలతో వచ్చారు. వేయిస్తంభాల గుడి, వరంగల్ ఖిలా వాళ్లు ఇదివరకే చూశారు. "ఎవరూ చూపించనిది చూపించు" అంటే జనగామ మీదుగా చేర్యాల తీసుకెళ్లాను. నకాషీ పని, అంటే కథల పటాలు, మాస్కులు చేసే ఒక ఇంట్లో గంటన్నర కూర్చున్నాం. ఆయన చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి, మాస్కు ఎలా అవుతుందో చేసి చూపించారు. కథంతా బొమ్మలుగా గీసిన ఎర్ర రంగు పటం చుట్ట విప్పి కథ కూడా చెప్పారు. పిల్లలు మాస్కులు పెట్టుకుని ఫొటోలు దిగారు. ఒక్కరూ ఏమీ కొనలేదు. మేం లేచేసరికి ఆయన వేళ్లకు అంటిన పిండి ఎండి రాలిపోతోంది, సగం చేసిన మాస్కు అలాగే ఉంది. అది నా కళ్లలోంచి పోవట్లేదు. దోస్తేమో "చూడ్డానికి కూడా పైసలా?" అంటున్నాడు. మీరేమంటారు?

కరీంనగర్ నుంచి:
నాకైతే తప్పనిపించట్లేదు అన్నా. మా చుట్టాలను ఇత్తడి పని చేసే పెంబర్తి తీసుకెళ్లినప్పుడు వాళ్లూ ఉత్త చేతులతోనే వచ్చారు. ఏడాది తర్వాత కొత్తిల్లు కట్టుకుని, పూజగది తలుపులకు ఇత్తడి రేకు పని అక్కడే చేయించుకున్నారు. కొనేవాళ్లే రావాలంటే ఇక ఎవరొస్తారు?

వరంగల్ కొత్తవాడ నుంచి:
మా మేనమామ ఇక్కడ షత్రంజీలు, అంటే నేల మీద పరిచే జంపఖానాలు నేస్తాడు. కూలీ ముక్క లెక్కన. చూడ్డానికి వచ్చినవాళ్లతో అరగంట మాట్లాడితే ఆ అరగంట రాత్రి కూర్చోవాలి. వచ్చినవాళ్లకు ఆ సంగతి తెలియదు, ఆయన చెప్పడు.
ఇంకో మాట. ఆ పటాలు పుట్టిందే కథ చెప్పుకుని బతికేవాళ్ల కోసం. మా పద్మశాలీలకు మార్కండేయ పురాణం కూనపులివాళ్లు పటం కట్టి చెప్పేవారు. విన్న ఊరు బియ్యమో పైసలో ఇచ్చి పంపేది. ఉత్తగా వినడం అప్పుడే లేదు, ఇప్పుడెందుకు ఉండాలి?

ములుగు నుంచి:
ఉత్తగా చూడాలంటే మా రామప్ప ఉంది కదా. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. శిఖరానికి వాడిన ఇటుక నీళ్లలో తేలుతుందంటే పిల్లలు నోరెళ్లబెడతారు. ఎంతసేపు కూర్చున్నా అక్కడ ఎవరి పనీ ఆగదు.

కరీంనగర్ నుంచి:
కొత్తవాడ తమ్ముడి మాట నిజమే, కూలీ సంగతి నేను ఆలోచించలేదు. కానీ కొనాలని ముందే షరతు పెడితే జనం రారని ఇప్పటికీ అంటాను.

హన్మకొండ వాసి:
షరతు వద్దు. తీసుకెళ్లేవాడు ముందే ఫోన్ చేసి ఏ వేళ వీలో కనుక్కోవాలి, గంటకు ఇంతని మాట్లాడుకోవాలి, వచ్చేవాళ్లకూ ఆ సంగతి చెప్పాలి. నేను ఇవేవీ చేయలేదు. నిన్న ఆయనకు ఫోన్ చేసి రెండు మాస్కులు చెప్పాను. "ఆ రోజు పిల్లలు పెట్టుకున్నవేనా?" అని అడిగారు. అవే అన్నాను.