తొమ్మిదో తరగతి పిల్లలతో బోరు నీళ్ల ప్రాజెక్టు: ఎవరైనా చేయించారా?

దేవరకొండ టీచర్: మాది జిల్లా పరిషత్ హైస్కూలు. ఇద్దరు ఆడపిల్లలు బాలల సైన్స్ కాంగ్రెస్‌కి ఊరి బోరు నీళ్ల మీద ప్రాజెక్టు చేస్తామంటున్నారు. మునగ గింజల పొడితో నీళ్లు శుభ్రం చేయొచ్చని ఎక్కడో చూశారట. సిలబస్ మధ్యలో టైం ఎలా తీస్తున్నారు? లాగ్‌బుక్ వాళ్లచేతే ఎలా రాయిస్తున్నారు? ఖర్చు ఎవరిది?

ఇద్దరు పిల్లల తల్లి: పిల్లలు తామే అడగడం మీ అదృష్టం మేడం. మా అబ్బాయి స్కూల్లో మోడల్ దుకాణంలో కొనుక్కు రమ్మన్నారు. 1,800 రూపాయలైంది. జడ్జి వచ్చి ఇందులో మోటారు ఎందుకు తిరుగుతోంది బాబూ అంటే వాడికి నోట మాట రాలేదు, ఇంటికొచ్చి అన్నం కూడా తినలేదు. అది ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను.

మునగచెట్టు: మునగ ప్రాజెక్టు కళ్లుమూసుకుని చేయించండి. మేం జిల్లా స్థాయికి వెళ్లాం. చెరువు నీళ్లలో గింజల పొడి కలిపితే గంటలో మట్టంతా అడుక్కి చేరింది, టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్క, 640 నుంచి 410కి పడిపోయింది. పిల్లలు ఎగిరి గంతేశారు.

నీళ్ల ల్యాబ్: మట్టి దిగడం నిజం. టీడీఎస్ అంత తగ్గడం మాత్రం జరగదు. గింజలోని ప్రొటీన్‌కి ధనావేశం, మట్టి రేణువులకి ఋణావేశం, రెండూ అతుక్కుని బరువెక్కి దిగుతాయి. కరిగిన ఉప్పులు ఎక్కడికీ పోవు. పదకొండేళ్లుగా నీళ్లు పరీక్షిస్తున్నాను, అందుకే చెబుతున్నాను. పైగా దేవరకొండ వైపు అసలు సమస్య ఫ్లోరైడ్. లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. టీడీఎస్ మీటరు చూసేది నీళ్లలో కరెంటు ఎంత పారుతోందనే, ఫ్లోరైడ్ సంగతి దానికేం తెలుస్తుంది?

మునగచెట్టు: అంటే మా పిల్లలు కళ్లారా చూసిన రీడింగు అబద్ధమా? జిల్లా జడ్జిలకి లేని అభ్యంతరం మీకేమిటండీ?

నీళ్ల ల్యాబ్: అబద్ధమని నేననలేదు. పొడి కలపని గ్లాసు ఒకటి పక్కన పెట్టారా? ఎన్నిసార్లు కొలిచారు?

మునగచెట్టు: ఒక్కసారే. మా బళ్లో మీటరు లేదు, పక్క ఊరి నుంచి అడిగి తెచ్చుకున్నాం, సాయంత్రానికి తిరిగి ఇచ్చేయాలి. ఏసీ గదిలో కూర్చుని తప్పులు పట్టడం తేలిక.

నీళ్ల ల్యాబ్: నేనూ సర్కారు బళ్లో చదువుకున్నవాణ్ణే. ఏసీ మాట వెనక్కి తీసుకోండి.

అటల్ ల్యాబ్ ఇన్‌ఛార్జి: మీటరు లేదని మీరు బాధపడుతున్నారు. నేను ఇంతకుముందు పనిచేసిన బడికి టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు తామే పరికరాలు తయారుచేసి చూసే ల్యాబ్) కింద 20 లక్షలు మంజూరైతే, పాడవుతాయని గదికి తాళం వేసి ఉంచారు. త్రీడీ ప్రింటరు కవరు కూడా విప్పలేదు. తాళంచెవి కోసం ఎన్ని పోట్లాటలో!

నల్గొండ నాన్న: డబ్బు సంగతి ఎవరూ చెప్పట్లేదు. మా పాపకి ఇన్‌స్పైర్ మానక్ కింద, అదే సైన్స్ మోడల్ చేయడానికి కేంద్రం ఇచ్చే డబ్బు, పదివేలు ఖాతాలో పడ్డాయి. ఆ నెలే మా అమ్మకి ఆపరేషన్, వాడేసుకున్నాం. పాప అట్టముక్కలతోనే మోడల్ చేసింది. ఆ బాకీ ఇంకా తీర్చలేదు.

రిటైర్డ్ గైడ్ టీచర్: లాగ్‌బుక్ గురించి నేను చెబుతాను. టైం కోసం పీరియడ్లు వెతక్కండి, ప్రార్థనకు ముందు పావుగంట చాలు, రోజూ అదే వేళకి కొలవడం కూడా కుదురుతుంది. మా ప్రాజెక్టులో ఒకమ్మాయి ‘పిల్లి గ్లాసు తన్నేసింది, ఈరోజు రీడింగు లేదు’ అని రాసింది. కొట్టేయమన్నాను. జరిగింది కదా సార్ అని ఒప్పుకోలేదు. రాష్ట్ర స్థాయిలో జడ్జి ఆ పేజీ దగ్గరే ఆగి, మర్నాడు ఏం చేశావమ్మా అని ఆ అమ్మాయితో చాలాసేపు మాట్లాడారు. ఫెయిరు కాపీ చేయించకండి, సిరా మరకలతో ఉన్న పుస్తకమే పట్టుకెళ్లండి.

మునగచెట్టు: ఈసారి మూడు గ్లాసులతో, మూడు రోజులు మళ్లీ చేశాం. పొడి కలిపిన నీళ్లలో టీడీఎస్ తగ్గలేదు, కాస్త పెరిగింది. మొదటిసారి రెండో రీడింగు తాగే నీళ్ల బిందెలోంచి తీసినట్టున్నామని ఒకబ్బాయి చెప్పాడు. జిల్లాలో చూపించిన లెక్క తప్పని వాళ్లే నోట్సులో రాసుకున్నారు. ఏసీ మాట వెనక్కి తీసుకుంటున్నా.

నీళ్ల ల్యాబ్: పిల్లలకి నా నమస్కారం చెప్పండి. పొడి కలిపిన నీళ్లు మర్నాటికి వాసనొస్తాయి, ఎందుకో అది కూడా చూడమనండి. దేవరకొండ మేడం, జల్ జీవన్ మిషన్ కింద పంచాయతీలకి నీటి పరీక్ష కిట్లు ఇచ్చారు, అడిగి చూడండి. ఫ్లోరైడ్ తీయడానికైతే పటిక, సున్నం వాడే ‘నల్గొండ పద్ధతి’ ఉంది, మీ జిల్లా పేరే దానికి.

దేవరకొండ టీచర్: కిట్ దొరికింది, అంగన్‌వాడీలో బీరువా మీద ఉంది. గడువు తేదీ కూడా దాటలేదు. రేపు ఏడున్నరకి గుడి దగ్గరి బోరుతో మొదలుపెడుతున్నాం.