ఆర్గ్ మోడ్‌లో కొత్త హెడింగ్ స్పీడ్‌గా పెట్టేదెట్టా?

అన్నా, ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్లో హెడింగులు పెట్టి నోట్స్ రాసుకునే ఆర్గ్ మోడ్ వాడేవాళ్ళు ఎవరన్నా ఉంటే కాస్త చెప్పండి. మాది నెల్లూరు జిల్లా అల్లూరు పక్క, రొయ్యల చెరువుల లెక్కంతా ఒకే ఫైల్లో రాస్తన్నా, హెడింగ్ ముందు ఒక స్టార్ (*) ఉంటే చెరువు, రెండు స్టార్లు పంట, మూడు స్టార్లు తేదీ, దానికింద మేత ఎంతేశాం, సెలినిటీ (నీళ్ళలో ఉప్పు) ఎంతుంది, ఏరేటర్లు ఎన్నిగంటలు తిరిగినయ్ అన్నీ. ఎక్సెల్ వాడరాదా అనబాకండి, అది మనకు పడదు.

ఆల్ట్ ఎంటర్ కొడితే లైన్ మధ్యలో ఉన్నామంటే ఆ లైనే తెగి మిగతా ముక్క హెడింగ్ అయిపోతా ఉంది. కంట్రోల్ ఎంటర్ మేలే, ఆ తేదీ కింద రాసిందంతా దాటి కొత్తది పెడతది, కానీ పాత తేదీలో ఉండి కొడితే దాని వెనకే వచ్చి మధ్యలో ఇరుక్కుంటది, పైగా ఫోన్లో టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్‌లో ఆ కీ అసలు పన్జెయ్యదు. కంట్రోల్ యు రెండుసార్లు కొట్టి ఆల్ట్ ఎంటర్ అంటే పంట చివర్లో పడతా ఉంది, అదే నాకు కావాల్సింది, చెరువు గట్టుమీద ఫోన్లో అన్ని కీలు ఎవరు నొక్కతారు? దాన్ని ఒక్క కీకి కట్టేదెట్టా? లేకపోతే క్యాప్చర్ టెంప్లేట్ (కొత్త నోట్ టక్కున చేర్చే ముందే చేసిపెట్టుకున్న నమూనా) పెట్టుకుంటే, చెరువుకొకటి రాయకుండా ఏ చెరువో అప్పుడే అడిగేట్టు చెయ్యొచ్చా?