వాంపైర్ డైరీస్: బానీకి కథ చేసింది అన్యాయమా, కాదా? (చివరిదాకా చూడనివాళ్లు చదవకండి)

అనంతపురం అమ్మాయి, మారతహళ్లి
నిన్న రాత్రి పీజీలో మా రూమ్మేట్ కోసం ‘వాంపైర్ డైరీస్’ అమెరికన్ టీవీ సిరీస్ ఐదో సీజన్ మళ్లీ పెట్టాను. మొదటి ఎపిసోడ్ అయ్యేసరికి మనసు బాగోలేక టెర్రస్ మీదికి వెళ్లిపోయాను.

నాలుగో సీజన్ చివర్లో హీరోయిన్ ఎలీనా తమ్ముడు జెరెమీని బతికించబోయి ఆమె స్నేహితురాలు, మంత్రగత్తె బానీ చచ్చిపోతుంది కదా. ఆ సంగతి జెరెమీకొక్కడికే తెలుసు. బానీ ఎక్కడో సెలవుల్లో ఉందని మిగతావాళ్ల నమ్మకం. వేసవి అయిపోయాక, ఊరి జనం మధ్యలో, స్టేజీ మీద, విలన్ సైలస్ బానీ నాన్న గొంతు కోసేస్తాడు. పక్కనే ఆత్మగా నిలబడి బానీ గొంతు చించుకుని అరుస్తుంది. ఒక్కరికీ వినపడదు. కూతురు లేదన్న సంగతి తెలియకుండానే ఆ మనిషి పోయాడు. తర్వాత ఆయన్ని తలుచుకున్నదెవరు? నాలుగో ఎపిసోడ్‌లో బానీకి అడవిలో వీడ్కోలు చెప్తారు, అది బాగుంది. తండ్రి కోసం ఆమె ఏడవడానికి మాత్రం టైమ్ లేదు.

మొదటి సీజన్‌లో సమాధి తెరిచే మంత్రానికి బానీ అమ్మమ్మ పోయింది. మూడో సీజన్‌లో అమ్మను డేమన్ అనే వాంపైర్ తనలాగే రక్తం తాగే వాంపైర్‌గా మార్చేశాడు, అదీ ఎలీనా కోసమే. ఇలా రాయడం అశ్రద్ధ అనే అంటాను.

వైట్‌ఫీల్డ్ వాసి
నేను ఒప్పుకోనమ్మా. ఆరో సీజన్ మర్చిపోయారా? 1994 మే 10, అదే రోజు మళ్లీ మళ్లీ తెల్లారే లోకంలో బానీ ఒంటరిగా మిగిలిపోతుంది. ఇక బతకలేనని గ్యారేజీ తలుపు మూసుకుంటుంది. ఊపిరాడని స్థితిలో అమ్మమ్మ గుర్తొచ్చి తలుపు దాకా పాకుతుంది. ఆ సీన్‌లో ఆమె తప్ప ఇంకెవరూ లేరు. హీరోయిన్ కాని పాత్రకు ఇంత చోటు ఎవరిస్తారు? కష్టాలు ఎక్కువ పెట్టారు, నిజమే. కానీ ఆ కష్టాల వల్లే ఆ పాత్ర మనకు ఇంతగా గుర్తుండిపోయింది.

బీటీఎం బ్యాచిలర్
నా గొడవ వేరే. ఎలీనాగా చేసిన నినా దోబ్రేవ్ ఆరో సీజన్‌తో వెళ్లిపోయింది, ఆమెను కథలోంచి పంపాలి. అందుకని ఆ సీజన్ విలన్ కై మంత్రం వేస్తాడు: బానీ బతికున్నంతకాలం ఎలీనా నిద్రలోనే ఉంటుంది, మంత్రంతో విప్పాలని చూస్తే ఇద్దరూ పోతారు. సరే, గట్టి ముడే. మరి 2017 మార్చిలో వచ్చిన ఆఖరి ఎపిసోడ్‌లో? బానీ దారి కనిపెట్టేసింది, ఎలీనా లేచి కూర్చుంది. ఎలా కనిపెట్టిందో చూపించరు!

చిన్నప్పుడు మా నాయనమ్మ బాలనాగమ్మ కథ చెప్పేది. మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉంటే ఆ చిలకను పట్టే తీరాలి, దానికోసం బాలవర్ధి ఎంత దూరమైనా పోవాలి. మధ్యలో "వేరే దారి దొరికిందిలే" అంటే మేం ఊరుకునేవాళ్లమా? రెండు సీజన్లు ఆ ముడి మీదే మనల్ని ఏడిపించి, విప్పేటప్పుడు కెమెరా పక్కకు తిప్పేశారు.

అనంతపురం అమ్మాయి, మారతహళ్లి
వైట్‌ఫీల్డ్ అన్నా, గ్యారేజీ సీన్ విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నా. దాన్ని మర్చిపోయి రాయడం నా తప్పే. కానీ అక్కడి నుంచి బయటపడి వచ్చిన పిల్లకి చివరికి ఏం మిగిల్చారు? ప్రేమికుడు ఎంజో ఒక్కడే ఆమె మనిషి అనుకుంటే, ఎనిమిదో సీజన్‌లో డేమన్ తమ్ముడు స్టెఫాన్ ఆమె కళ్ల ముందే అతని గుండె పెరికేశాడు. అదే స్టెఫాన్ చివర్లో ప్రాణత్యాగం చేస్తే మనం కన్నీళ్లు పెట్టుకోవాలి. నాకు రాలేదన్నా.

బీటీఎం అన్నా, ఆ మంత్రం ఎలా విప్పిందో చూపించి ఉంటే అది బానీ గెలుపు అయ్యుండేది. అందరికోసం చచ్చిన పిల్ల, తనే చావకుండా దారి వెతుక్కుంది. ఎనిమిది సీజన్లలో ఆమెకు దక్కిన అసలైన విజయం అదొక్కటే, దాన్నే దాచేశారు.

మా రూమ్మేట్ ఈ ఆదివారం ఆరో సీజన్ మొదలుపెడుతోంది. గ్యారేజీ ఎపిసోడ్ ఈసారి పక్కనే కూర్చుని చూస్తాను.