ఫలితాలను బట్టి ప్రభుత్వ టీచర్లకు బోనస్: అనుభవాలు ఏం చెబుతున్నాయి?

ప్రశ్న:

ప్రభుత్వ బడుల్లో టీచరు జీతం చదువునూ సర్వీసునూ బట్టే నిర్ణయమవుతుంది. మనసుపెట్టి పాఠం చెప్పేవారికీ, గంట ఎప్పుడు కొడతారా అని చూసేవారికీ ఇంక్రిమెంటు ఒకే లెక్కన పడుతుంది. దీన్ని మార్చి, పిల్లల మార్కుల్లో వచ్చిన పెరుగుదలను బట్టి ఏటా కొంత బోనస్ ఇవ్వాలన్న ప్రతిపాదన మా ఉపాధ్యాయ సంఘంలో చర్చకు వచ్చింది, దానిపై నోటు రాసే పని నాకు అప్పగించారు. చదవడం మొదలుపెడితే, ఈ పద్ధతి ఒకచోట బ్రహ్మాండంగా పనిచేసిందని ఉంది, మరోచోట డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరైందని ఉంది. ఒకే ఆలోచన ఇంత వేరువేరుగా ఎందుకు తేలింది? ఎవరి బోనస్ వారికి ఇవ్వడం మంచిదా, బడి మొత్తానికి కలిపి ఇవ్వడం మంచిదా? అమలులో ఏం జరిగిందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1:

మీరు చదివిన రెండూ నిజమే. మొదటిదానికి ప్రధాన ఆధారం 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో మొదలైన ప్రయోగం. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దానిపై అధ్యయనం చేశారు, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ క్షేత్రస్థాయిలో నడిపింది. లాటరీ పద్ధతిలో ఎంపిక చేసిన 100 బడుల్లో ఏ టీచరు బోనస్ ఆ టీచరుకు, మరో 100 బడుల్లో బడి సగటును బట్టి అందరికీ సమానంగా ఇచ్చారు. ఇంకో 100 బడులను పోల్చి చూడటానికి అలాగే వదిలేశారు. పిల్లల సగటు మార్కులు 5 శాతానికి మించి పెరిగితే, ఆపైన ప్రతి ఒక్క శాతానికీ రూ.500 అన్నది లెక్క. చివరికి చేతికి వచ్చింది సగటున ఏడాది జీతంలో 3 శాతమే. అయినా రెండేళ్లు తిరిగేసరికి బోనస్ బడుల పిల్లలు గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల (మార్కులు సగటుకు అటూఇటూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) మేర ముందున్నారు. గణితం సంగతి మామూలు మాటల్లో చెప్పాలంటే, వందమందిలో యాభయ్యో స్థానంలో ఉన్న పిల్లవాడు నలభయ్యో స్థానానికి చేరాడన్నమాట. బోనస్‌తో సంబంధంలేని సైన్సు, సాంఘికశాస్త్రాల్లో కూడా మెరుగుదల కనిపించింది.

చాలామంది గమనించని సంగతి ఏమిటంటే, ఆ బడుల్లో టీచర్ల గైర్హాజరు తగ్గలేదు. బడికి వచ్చిన రోజున వారు చేసే పని మారింది. హోంవర్కు ఎక్కువ ఇచ్చారు, బడి వేళ దాటాక కూడా క్లాసులు తీసుకున్నారు, నమూనా పరీక్షలు రాయించారు, వెనకబడిన పిల్లలను విడిగా పట్టించుకున్నారు.

ఇక రెండోవైపు అమెరికా. నాష్‌విల్లేలో 2006 నుంచి మూడేళ్లపాటు గణిత ఉపాధ్యాయులకు ఏడాదికి 15,000 డాలర్ల దాకా ఇస్తామన్నా పిల్లల మార్కుల్లో మొత్తంమీద చెప్పుకోదగ్గ తేడా రాలేదు. న్యూయార్క్‌లో 2007లో బడి మొత్తానికి కలిపి, సభ్యుడికి 3,000 డాలర్ల లెక్కన ఇచ్చే పథకం పెట్టారు. అక్కడా ఫలితం కనిపించక 2011లో ఆపేశారు. కాబట్టి ఎంత ఇస్తున్నామన్నది ఒక్కటే ఫలితాన్ని నిర్ణయించదు. నా అభిప్రాయంలో, టీచరు ఇప్పటికే చేయగలిగీ చేయకుండా మిగిల్చిన పని ఎక్కువగా ఉన్నచోట చిన్న బోనస్ అయినా కదలిక తెస్తుంది. ఉన్న శక్తినంతా పెట్టి, ఇంకా ఎలా చెప్పాలో తెలియక ఆగిపోయిన టీచరుకు డబ్బు చూపిస్తే కొత్త విద్య రాదు.

జవాబు 2:

లెక్కల టీచరుగా నా వైపు నుంచి ఒక మాట చెబుతాను. దేన్ని కొలుస్తారన్నదే ఇందులో అసలు సమస్య.

నాకు ఎన్నడూ బోనస్ ఇవ్వలేదు గానీ, ఉత్తీర్ణతా శాతం ఎంతని ఏటా అడుగుతారు. ఒక ఏడాది పరీక్షలకు రెండు నెలల ముందు హాజరు పట్టీ తెరిచి, పాస్ మార్కుకు ఐదారు మార్కుల దూరంలో ఆగిపోయిన పిల్లల పేర్ల పక్కన పెన్సిలుతో చుక్కలు పెట్టుకున్నాను. సాయంత్రం క్లాసు వారికే. అదే తరగతిలో ఒక అమ్మాయి 403లోంచి 178 తీసివేయమంటే 375 అని రాసేది. ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేయాలన్నది ఆమెకు తెలిసిన నియమం. పదుల కట్టలు విప్పి చూపిస్తూ రెండు వారాలు కూర్చుంటే ఆ పొరపాటు పోతుంది, కానీ ఆ రెండు వారాల వల్ల ఆమె పాస్ కాదు. అందుకే ఆమె పేరు పక్కన నేను చుక్క పెట్టలేదు. కేవలం భయానికే నేను ఇంత లెక్క వేశానంటే, డబ్బు కూడా తోడైతే ఎంతమంది పిల్లల పేర్లు చుక్క లేకుండా మిగిలిపోతాయో ఆలోచించండి.

పాస్ శాతం బదులు ప్రతి పిల్లవాడి పెరుగుదలనూ కలిపితే ఈ బెడద చాలావరకు తగ్గుతుందని ఒప్పుకుంటాను. కానీ ఇరవైమంది ఉన్న తరగతిలో ఇద్దరు పిల్లలు జ్వరంతో పరీక్ష రాసి 30 మార్కుల చొప్పున పోగొట్టుకుంటే సగటు 3 మార్కులు పడిపోతుంది. పైన చెప్పిన లెక్క ప్రకారం అది రూ.1,500. ఆ ఏడాది నేను చెప్పిన పాఠానికీ ఆ కోతకూ ఏ సంబంధమూ లేదు.

జవాబు 3:

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. ఇంగ్లండులో రాబర్ట్ లో అనే మంత్రి 1862లో ఇదే పని చేశాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి చదవడం, రాయడం, లెక్కలు పరీక్షించి, గట్టెక్కిన పిల్లల సంఖ్యను బట్టి బడికి గ్రాంటు ఇచ్చేవాడు. చదువు బట్టీయంగా మారిపోయిందని, స్వయంగా ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన కవి మాథ్యూ ఆర్నల్డ్ తన నివేదికల్లో మొత్తుకున్నాడు. ఆ పద్ధతిని పూర్తిగా వదిలించుకోవడానికి 1890ల దాకా పట్టింది.

కెన్యాలో 50 బడుల్లో చేసిన ప్రయోగంలోనూ బోనస్ ముడిపెట్టిన పరీక్షలో మార్కులు పెరిగాయి, కానీ పథకం ముగిశాక ఆ పెరుగుదల నిలవలేదు. టీచర్లు అదనంగా చేసిన పని ఎక్కువగా పరీక్ష కోచింగే. ఇక అమెరికాలోని అట్లాంటాలో జరిగింది మరీ దారుణం. పిల్లల జవాబు పత్రాల్లో తప్పులు చెరిపి ఒప్పులు దిద్దిన వ్యవహారంలో 44 బడుల్లో 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్ల ప్రమేయం ఉందని 2011లో విచారణ తేల్చింది. అక్కడ బోనస్ ఆశకన్నా ఉద్యోగం పోతుందన్న భయమే ఎక్కువగా పనిచేసిందనుకోండి, అయినా పేపరు ఎవరి చేతిలో ఉందన్నది రెండు సందర్భాల్లోనూ ఒకటే ప్రశ్న. ఆంధ్రప్రదేశ్ ప్రయోగంలో పరీక్ష పెట్టిందీ, పేపర్లు దిద్దిందీ బయటివారు. పైగా ప్రశ్నల్లో బట్టీపడితే వచ్చేవీ, అర్థమైతేనే వచ్చేవీ రెండు రకాలూ ఉన్నాయి.

ప్రశ్న అడిగినవారు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. సంఘంలో ఎక్కువమంది బడి మొత్తానికి కలిపి ఇవ్వడమే మేలంటున్నారు, విడివిడిగా ఇస్తే స్టాఫ్‌రూమ్‌లో మొహాలు చూసుకోలేమన్నది వారి బాధ. ఈ విషయంలో ఏమైనా తేలిందా?

జవాబు 1:

ఆంధ్రప్రదేశ్‌లో మొదటి ఏడాది రెండు పద్ధతులూ సమానంగానే పనిచేశాయి. రెండో ఏడాది నుంచి విడివిడిగా ఇచ్చిన బడులు ముందుకెళ్లాయి, ఐదేళ్ల తరవాత చూసినా వాటిదే పైచేయి. అవి చిన్న బడులు కాబట్టి ఎవరు పనిచేస్తున్నారో అందరికీ కనిపిస్తుంది. పెద్ద బడిలో కలిపి ఇస్తే, పక్కవారి కష్టం మీద తమ వాటా తీసుకునేవారు తప్పకుండా ఉంటారు. అయినా మీ సంఘం భయాన్ని తేలికగా తీసిపారేయను. టీచర్లు ఒకరి పాఠం నోట్సు మరొకరికి ఇవ్వడం మానేస్తే కలిగే నష్టం ఏ పరీక్షలోనూ కనబడదు.

మీ నోటులో టాంజానియా అనుభవం కూడా చేర్చండి. అక్కడ బడికి గ్రాంటు మాత్రమే ఇస్తే మార్కుల్లో మార్పు రాలేదు, గ్రాంటూ టీచరుకు బోనసూ కలిపి ఇచ్చినచోట స్పష్టంగా వచ్చింది.

జవాబు 2:

నాదొక చిన్న సందేహం. ఏడాది మధ్యలో వేరే బడి నుంచి వచ్చి చేరిన పిల్లవాడి మార్కులు ఎవరి ఖాతాలో వేస్తారో ఆ ప్రతిపాదనలో రాశారా?

ప్రశ్న అడిగినవారు:

ఇప్పుడే మళ్లీ చూశాను. రాయలేదండీ. పేపర్లు ఎవరు దిద్దుతారన్నది కూడా రాయలేదు.